15,349 కిలోమీటర్లకు పద్దెనిమిదిన్నర గంటలు ఎందుకు? దూరపు విమానాశ్రయాల మధ్య దూరం, సమయం లెక్క

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే వరకు దూరం ఒక చోట 15,340 కి.మీ., ఇంకో చోట 15,349 కి.మీ. అని ఉంది. విమానం గంటకు 900 కి.మీ. పోతుందనుకుంటే 17 గంటల్లో చేరాలి. టికెట్ మీద మాత్రం పద్దెనిమిదిన్నర గంటలు చూపిస్తోంది. ట్రాకింగ్ యాప్‌లో చూస్తే విమానం అసలు ఆ దారిలోనే వెళ్లలేదు, వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎక్కువ తిరిగింది. వీటిలో ఏది నమ్మాలి, ఏ రెండు ఊళ్లకైనా ఈ లెక్క మనమే ఎలా వేసుకోవాలి?

అన్నీ నిజమే. ఒక్కొక్కటి ఒక్కో వస్తువును కొలుస్తోంది, అంతే. దూరం సంగతి ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. సమయం దగ్గరే చిక్కు. దానికి గాలి, గగనతల అనుమతులు, రన్‌వే దగ్గర రద్దీ అన్నీ కలవాలి.

ముందు దూరం. భూగోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ అంటారు. దూరం చెప్పే సైట్లన్నీ ఇచ్చేది ఇదే. సూత్రం ఇలా ఉంటుంది: రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. దానికి, రెండు అక్షాంశాల కొసైన్‌లనూ రేఖాంశాల తేడా కొసైన్‌నూ కలిపి గుణించగా వచ్చింది కూడండి. వచ్చిన సంఖ్యకు విలోమ కొసైన్ తీస్తే డిగ్రీల్లో కోణం వస్తుంది. ఆ కోణాన్ని 111.195తో గుణిస్తే కిలోమీటర్లు. ఈ 111.195 ఎక్కడిదంటే, భూమి సగటు వ్యాసార్ధం 6,371 కి.మీ. అనుకుంటే ఒక డిగ్రీకి వచ్చే పొడవు అంత.

చాంగీ 1.359 ఉత్తరం, 103.989 తూర్పు. జేఎఫ్‌కే 40.640 ఉత్తరం, 73.779 పడమర. పడమర కాబట్టి రేఖాంశం −73.779. తేడా 177.768 డిగ్రీలు. మొదటి భాగం 0.0154, రెండోది −0.7580, మొత్తం −0.7426. విలోమ కొసైన్ 137.95 డిగ్రీలు. 111.195తో గుణిస్తే 15,340 కి.మీ. మీరు చూసిన మొదటి అంకె ఇలా వచ్చింది.

మరి 15,349? భూమి సరిగ్గా గోళం కాదు. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378.137 కి.మీ., ధ్రువాల దగ్గర 6,356.752 కి.మీ. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 నమూనా ఈ నొక్కుడును లెక్కలోకి తీసుకుంటుంది. దాని మీద కొలిస్తే 15,349 వస్తుంది. గోళం లెక్కకూ దీర్ఘగోళం లెక్కకూ మధ్య తేడా గరిష్ఠంగా అర శాతం దాకా ఉండొచ్చు. ఇక్కడ పది కిలోమీటర్లంటే విమానానికి నలభై సెకన్లు. ప్రయాణికుడికి దీనితో పనిలేదు. ప్రోగ్రాం రాసుకునేవారికి మాత్రం ఒక హెచ్చరిక: 1975 నాటి విన్సెంటీ పద్ధతి భూమికి దాదాపు అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్న బిందువుల దగ్గర సమాధానానికి చేరకుండా తిరుగుతూనే ఉంటుంది. అలాంటి జంటలకు 2013లో కార్నీ ఇచ్చిన పద్ధతి వాడండి.

లెక్క తప్పేది సూత్రంలో కాదు, అంకెలు ఎక్కించేటప్పుడు. పడమర రేఖాంశానికి మైనస్ పెట్టకపోతే పై ఉదాహరణలో 5,300 కి.మీ. చుట్టూ వస్తుంది. అది చూడగానే తప్పని తెలుస్తుంది కాబట్టి పరవాలేదు. ప్రమాదకరమైనది కంటికి ఆనని తప్పు. 40 డిగ్రీల 38 నిమిషాలను 40.38 అని కొడితే 28 కి.మీ. జారిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. నిమిషాలను 60తో భాగించాలి, అప్పుడు 40.63 అవుతుంది. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉండిపోవడం మరో మామూలు పొరపాటు. అందుకే మొదలుపెట్టే ముందు సైన్ 30 కొట్టి చూడండి, 0.5 రాకపోతే మోడ్ మార్చండి. భూచుట్టుకొలతలో సగం సుమారు 20,000 కి.మీ. ఏ రెండు విమానాశ్రయాల మధ్యయినా గ్రేట్ సర్కిల్ దూరం అంతకు మించిందంటే లెక్క తప్పినట్టే.

ఊరి పేరుతో వెతకడం కూడా కొంపముంచుతుంది. మూడక్షరాల కోడ్‌తోనే వెతకండి. కాలిఫోర్నియా శాన్ హోసే ఎస్‌జేసీ, కోస్టారికా శాన్ హోసే ఎస్‌జేఓ. ఆస్ట్రేలియా సిడ్నీ ఎస్‌వైడీ, కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రపు సిడ్నీ వైక్యూవై. టోక్యోలో నరిటా, హనేడా ఒకదానికొకటి 60 కి.మీ. దూరం. గాల్లో అది లెక్కలోకి రాదు కానీ, ఒకదానిలో దిగి ఇంకోదానిలో ఎక్కాల్సి వస్తే రోడ్డు మీద గంటన్నర పోతుంది.

కొలమానాలూ మూడు రకాలు. విమానయానంలో మైలు అంటే నాటికల్ మైలు, సరిగ్గా 1,852 మీటర్లు. ఇంగ్లిష్ వార్తల్లో, మైలేజీ పాయింట్లలో కనిపించేది భూమి మీద మైలు, 1,609 మీటర్లు. నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. విమానం రేంజి 8,300 నాటికల్ మైళ్లు అని రాసి ఉంటే దాన్ని 1.6తో గుణించేవాళ్లు చాలామంది. రెండు వేల కిలోమీటర్లకు పైగా తక్కువ చూపించి, ఈ విమానం అక్కడికి చేరదని వాదిస్తారు.

గ్రేట్ సర్కిల్ దూరం విమానం ఎగిరే దూరం కాకపోయినా దానికి చట్టంలో విలువ ఉంది. ఐరోపా సమాఖ్య 261/2004 నిబంధనలో ఆలస్యానికీ రద్దుకూ ఇచ్చే పరిహారం 1,500 కి.మీ., 3,500 కి.మీ. మెట్ల మీద ఆధారపడుతుంది. ఆ దూరాన్ని గ్రేట్ సర్కిల్ పద్ధతిలోనే కొలవాలని నిబంధనలోనే రాసి ఉంది. మధ్యలో విమానం మారినా మొదటి ఊరి నుంచి చివరి ఊరికి నేరుగా కొలవాలని 2017లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. అంటే చుట్టూ తిప్పి తీసుకెళ్లారని పరిహారం మెట్టు మారదు. కర్బన ఉద్గారాల లెక్కల్లో మాత్రం చుట్టుతిరుగుడుకు కొంత కలుపుతారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ కాలిక్యులేటర్ 5,500 కి.మీ. దాటిన ప్రయాణానికి 125 కి.మీ. కలుపుతుంది. నిజంగా ఎగిరే దూరంతో పోలిస్తే అది చాలా తక్కువ.

ఇక దారి. సింగపూర్ నుంచి జేఎఫ్‌కేకు గ్రేట్ సర్కిల్ ఏ దిక్కుకు మొదలవుతుందో తెలుసా? 357.5 డిగ్రీలు, అంటే దాదాపు నిలువునా ఉత్తరానికి. ఉత్తర ధ్రువానికి 280 కి.మీ. దగ్గరగా వెళ్లి, అవతలి వైపు కిందికి దిగుతుంది. గోడకు వేలాడే మామూలు మర్కేటర్ పటంలో ఈ దారిని గీయడమే కష్టం, ఎందుకంటే ఆ పటంలో ధ్రువాలే ఉండవు. ఒక గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, వెంటనే అర్థమవుతుంది. విమానాలు ఎందుకో వంపు తిరిగి వెళ్తున్నాయి అనిపించేది పటం తప్పు. ఆ వంపే తిన్నని దారి.

అయితే ఈ జంట ఊళ్ల మధ్య విమానం ధ్రువం మీదుగా కాకుండా పసిఫిక్ మీదుగా వెళ్లడం సర్వసాధారణం. దీనికి అన్నిటికంటే పెద్ద కారణం గాలి. 30 నుంచి 60 డిగ్రీల అక్షాంశాల మధ్య, 30 నుంచి 40 వేల అడుగుల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ వీస్తుంది. చలికాలంలో దాని నడిమధ్య 100 నుంచి 150 నాట్ల వేగం మామూలే, ఒక్కోసారి 200 దాటుతుంది. అంటే గంటకు 370 కి.మీ. గాలి.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమరకు వెళ్లే విమానం తొందరగా చేరాలి కదా అని చాలామంది అడుగుతారు. గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది, విమానం ఆ గాలిలో ఉంది. కాబట్టి తిరుగుడు వల్ల నేరుగా లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆచరణలో జరిగేది సరిగ్గా తలకిందులు: తూర్పుకు వెళ్లే విమానాలే తొందరగా చేరతాయి, జెట్ స్ట్రీమ్ వెనక నుంచి తోస్తుంది కనుక. లండన్ హీత్రో నుంచి జేఎఫ్‌కే 5,540 కి.మీ. వెళ్లడానికి దాదాపు ఎనిమిది గంటలు, రావడానికి దాదాపు ఏడు. 2020 ఫిబ్రవరిలో సియారా తుపాను సమయంలో ఒక బోయింగ్ 747 జేఎఫ్‌కే నుంచి హీత్రోకు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద దాని వేగం గంటకు 1,300 కి.మీ. దాటింది. అది ధ్వని వేగాన్ని దాటినట్టు కాదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం ఎప్పటిలాగే ఉంది.

అందుకే ఫ్లైట్ ప్లాన్ వేసేవాళ్లు నేల దూరాన్ని చూడరు, గాలి దూరాన్ని చూస్తారు. ఇంధనం కాలేది గాలిలో ఎంత దూరం చొచ్చుకుపోయామన్న దాన్ని బట్టి. సూత్రం తేలిక: నేల దూరాన్ని విమానం గాలి వేగంతో (చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం వేగం) గుణించి, నేల వేగంతో భాగించాలి. ఉదాహరణకు విమానం గాలి వేగం 900 అనుకోండి. ధ్రువం మీది దారి 15,650 కి.మీ., గాలి సున్నా. గాలి దూరం కూడా 15,650. పసిఫిక్ దారి 16,400 కి.మీ., సగటున గంటకు 80 కి.మీ. వెనకగాలి. 16,400 × 900 ÷ 980 = 15,060. పటం మీద 750 కి.మీ. ఎక్కువైన దారి ఇంజిన్ దృష్టిలో దాదాపు 600 కి.మీ. తక్కువ. నలభై నిమిషాలు మిగులుతాయి. ఈ గాలి అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి, రోజూ మారతాయి. అందుకే ఒకే ఫ్లైట్ నంబరు ఈ రోజు ఒక దారిలో, రేపు ఇంకో దారిలో కనిపిస్తుంది.

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు గ్రేట్ సర్కిల్ దాదాపు 12,380 కి.మీ. ఎయిర్ ఇండియా అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. తిరిగి వెళ్లేది. 2016 అక్టోబరులో దాన్ని పసిఫిక్ వైపు మార్చారు. దూరం 15,300 కి.మీ. దాకా పెరిగింది, సమయం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. ఎదురుగాలి వెనకగాలిగా మారింది.

వెళ్లేటప్పుడు పోయిన సమయం వచ్చేటప్పుడు తిరిగి వస్తుంది కదా, రానూపోనూ కలిపి సమానమే కదా అనుకోవద్దు. 5,540 కి.మీ. దారి, 900 వేగం, 100 గాలి తీసుకోండి. గాలి తోడుగా 5 గంటల 32 నిమిషాలు, గాలికి ఎదురుగా 6 గంటల 56 నిమిషాలు. గాలే లేకపోతే రెండు వైపులా కలిపి 12 గంటల 19 నిమిషాలు అయ్యేది, ఇప్పుడు 12 గంటల 28. ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువ సేపు ఉంటాం. అందుకని గాలి ఉన్న రోజు మొత్తం మీద ఎప్పుడూ నష్టమే.

గాలి తర్వాత గగనతలం. ఇది గాలిలా రోజురోజుకూ మారదు కానీ, మారినప్పుడు గంటల్లో మారుతుంది. హెల్సింకి నుంచి టోక్యోకు గ్రేట్ సర్కిల్ 7,800 కి.మీ. చిల్లర, రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లేవారు. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక అదే ప్రయాణం సుమారు 13 గంటలైంది. కొన్నిసార్లు ఉత్తర ధ్రువం మీదుగా, కొన్నిసార్లు దక్షిణంగా చుట్టి వెళ్లాల్సి వచ్చింది. పెర్త్–లండన్ ఇంకో మంచి ఉదాహరణ: 14,499 కి.మీ., ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ 2018 మార్చి నుంచి బోయింగ్ 787-9తో ఆగకుండా నడిపింది. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ చుట్టుపక్కల పరిస్థితి బాగోక దారి మార్చినప్పుడు పెర్త్ నుంచి లండన్ వెళ్లే విమానం కొన్నాళ్లు సింగపూర్‌లో ఇంధనం కోసం ఆగింది. లండన్ నుంచి పెర్త్ వచ్చేది మాత్రం ఆగకుండానే వచ్చింది. దారి అంతే పొడవు, తేడా గాలి ఒక్కటే.

నేల కూడా అడ్డం వస్తుంది. క్యాబిన్‌లో పీడనం పోతే విమానం 10,000 అడుగులకు దిగాలి. ప్రయాణికుల ఆక్సిజన్ మాస్కులు సాధారణంగా పావుగంట చుట్టూ పనిచేస్తాయి. టిబెట్ పీఠభూమి నేలే 14,000 అడుగులకు పైన ఉంటుంది, అక్కడ అంత కిందికి దిగే వీలు లేదు. అందుకే ఆ ప్రాంతం మీద నేరుగా గీసిన గ్రేట్ సర్కిల్‌లు చాలావరకు కాగితం మీదే ఉంటాయి. రెండు ఇంజిన్ల విమానాలకు ఈటాప్స్ నిబంధన ఉంది: ఒక ఇంజిన్ ఆగితే నిర్ణీత నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. బోయింగ్ 787కు 330 నిమిషాలు, ఎయిర్‌బస్ ఏ350కు 370 నిమిషాల దాకా అనుమతి ఉంది కాబట్టి ఈ రోజుల్లో దీనివల్ల దారి పెద్దగా మారేది దక్షిణార్ధగోళపు మహాసముద్రాల మీదే. ధ్రువ మార్గాల్లో ఇంధనం చలికి గడ్డకట్టే సమస్య కూడా చూసుకోవాలి. విమాన ఇంధనాల్లో జెట్ ఏ గడ్డకట్టే హద్దు −40 డిగ్రీలు, జెట్ ఏ-1ది −47. అమెరికాలో నింపేది ఎక్కువగా జెట్ ఏ. కాబట్టి అక్కడ బయల్దేరి ధ్రువం వైపు వెళ్లే విమానం ఈ లెక్క తప్పక చూసుకోవాలి. ట్యాంకులు మరీ చల్లబడితే కిందికి దిగడమో, వేగం పెంచడమో చేస్తారు. రెండింటికీ ఇంధనం ఖర్చే.

ఇప్పుడు సమయం మీరే అంచనా వేసే పద్ధతి. గ్రేట్ సర్కిల్ దూరానికి మామూలు దారుల్లో 2 నుంచి 5 శాతం కలపండి. మూసిన గగనతలం అడ్డం ఉంటే ఈ శాతం పనికిరాదు, నిజంగా వెళ్లిన దారిని చూసి దూరం తీసుకోవాలి. విమానం వేగం రకాన్ని బట్టి తీసుకోండి. ఏ350, 787 మాక్ 0.85 (ధ్వని వేగంలో 85 శాతం) దగ్గర, 777 మాక్ 0.84 దగ్గర పోతాయి. 36,000 అడుగుల పైన ప్రామాణిక ఉష్ణోగ్రత −56.5 డిగ్రీలు, అక్కడ మాక్ 0.85 అంటే గంటకు 903 కి.మీ. కాబట్టి పెద్ద విమానాలకు 900. ఏ320, 737 లాంటి చిన్నవాటికి మాక్ 0.78, అంటే 830. ఇంకా పాత లెక్కల సైట్లు అన్నిటికీ 800 అనో 500 మైళ్లు అనో ఒకే అంకె వేసేస్తాయి. వాటి సమయం అంచనాను పట్టించుకోకండి.

తర్వాత గాలి. అదే రోజుకు కావాలంటే 250 హెక్టోపాస్కల్ (గాలి పీడనం కొలత) గాలి పటం చూడండి, అది 34,000 అడుగుల ఎత్తుకు సరిపోతుంది. దారి వెంట నాలుగైదు చోట్ల గాలి వేగం, దిశ రాసుకోండి. గాలి దిశకూ విమానం దిశకూ మధ్య కోణం కొసైన్‌తో వేగాన్ని గుణిస్తే తోడుగానో ఎదురుగానో ఎంత ఉందో వస్తుంది, వాటి సగటు తీయండి. గాలి పటాల్లో దిశ ఎప్పుడూ గాలి ఎక్కడి నుంచి వస్తోందో చెబుతుంది. 270 అంటే పడమర నుంచి తూర్పుకు. దీన్ని తలకిందులుగా తీసుకుంటే ఎదురుగాలి వెనకగాలి అయిపోయి, అట్లాంటిక్ దారికే గంట తేడా వస్తుంది. నెలల ముందు అంచనాకైతే ఉత్తరార్ధగోళంలో తూర్పు–పడమర దారికి చలికాలం గంటకు 80 నుంచి 100 కి.మీ., వేసవిలో అందులో సగం అనుకోవచ్చు. ఉత్తర–దక్షిణ దారికి సున్నా వేసుకోండి.

చివరికి, పైకి ఎక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ నెమ్మదిగా పోయినందుకు ఒక పావుగంట కలపండి. దిగడం ఎంత ముందు మొదలవుతుందో తెలుసుకోవాలంటే ఒక సులువు ఉంది: ఎత్తును వేల అడుగుల్లో తీసుకుని మూడుతో గుణిస్తే నాటికల్ మైళ్లు. 35,000 అడుగులైతే 105, అంటే దాదాపు 195 కి.మీ. ముందు. నేల మీద టాక్సీకి, అంటే గేటుకూ రన్‌వేకూ మధ్య విమానం కదలడానికి, వెళ్లేటప్పుడూ దిగాకా కలిపి, అరగంట వేయండి. జేఎఫ్‌కే సాయంత్రాల్లో బయల్దేరడానికే అరగంట దాటడం మామూలు.

హీత్రో నుంచి జేఎఫ్‌కే, జనవరి అనుకుందాం. 5,540కి 3 శాతం కలిపితే 5,706. ఎదురుగాలి 90, నేల వేగం 810. 7 గంటల 3 నిమిషాలు. దానికి 45 నిమిషాలు కలిపితే 7 గంటల 48 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో నేల వేగం 990, 5 గంటల 46 నిమిషాలు, 45 కలిపితే 6 గంటల 31. టైంటేబుల్ ఈ రెండిటికంటే పది నుంచి పాతిక నిమిషాలు ఎక్కువ చూపిస్తుంది. ఎందుకంటే టైంటేబుల్‌లో ఉండేది బ్లాక్ టైమ్: గేటు దగ్గర చక్రాల కింది చాక్స్ (అడ్డు దిమ్మెలు) తీసినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర మళ్లీ పెట్టేవరకు. ఆలస్యాలను ముందే ఊహించి అందులో కొంత జారుబాటు పెట్టుకుంటారు. నిర్ణీత సమయానికి 15 నిమిషాల లోపు చేరితే సమయానికి వచ్చినట్టే లెక్క. అందుకే పైలట్ ఎనౌన్స్‌మెంట్‌లో ఏడు గంటల పది నిమిషాలు అన్నా టికెట్ మీద ఎనిమిది ఉంటుంది. పైలట్ చెప్పేది గాల్లో ఉండే సమయం.

సింగపూర్–జేఎఫ్‌కే సంగతి ఇప్పుడు తేలిపోతుంది. గాలే లేదనుకుని 15,349ని 900తో భాగిస్తే 17 గంటల 3 నిమిషాలు. ఎక్కడం, దిగడం, టాక్సీ కలిపితే 17:48. నిజమైన దారి పొడుగు, జారుబాటు కలిపితే పద్దెనిమిదిన్నర చేరడానికి ఇంక పెద్ద దూరం లేదు. ఇంత దూరానికి మామూలు ఏ350 ట్యాంకు చాలదని 2018 అక్టోబరులో సింగపూర్–నెవార్క్ మొదలుపెట్టినప్పుడు 1,65,000 లీటర్ల ఇంధనం పట్టే యూఎల్‌ఆర్ (అతి దూర ప్రయాణాల) రకాన్ని తెచ్చారు. సీట్లు 161 మాత్రమే, ఎకానమీ లేదు. దూరం పెరిగేకొద్దీ, మోసుకెళ్లే ఇంధనాన్ని మోయడానికే ఇంధనం కావాలి. అదనంగా వేసిన ప్రతి టన్నులో గంటకు 3 నుంచి 4 శాతం దాన్ని మోయడానికే కాలిపోతుంది. రేంజి అంచుల్లో నడిచే విమానానికి గాలి ఎదురు తిరిగితే సరుకో సామానో దింపాలి, లేకపోతే మధ్యలో ఆగాలి. 2011–12 చలికాలంలో ఐరోపా నుంచి అమెరికా వెళ్లే బోయింగ్ 757లు కెనడాలోని గూస్ బే, గాండర్‌లలో ఇంధనానికి పదే పదే ఆగింది అందుకే.

గడియారం లెక్కలో ఇంకా ఎక్కువమంది తప్పుతారు. టికెట్ మీద బయల్దేరే సమయం బయల్దేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది. రెండిటినీ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చకుండా తీసివేత చేయొద్దు. జనవరి 10న సింగపూర్‌లో రాత్రి 23:35కి బయల్దేరితే యూటీసీ 15:35. 18 గంటల 30 నిమిషాలు కలిపితే 11వ తేదీ యూటీసీ 10:05. న్యూయార్క్ చలికాలం యూటీసీకి 5 గంటలు వెనక, కాబట్టి తెల్లవారుజామున 5:05. టికెట్ చూస్తే ఐదున్నర గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో జనవరి 10న న్యూయార్క్‌లో 22:30కి ఎక్కితే, 18:45 గంటల తర్వాత సింగపూర్‌లో 12వ తేదీ ఉదయం 6:15. టికెట్ మూలన చిన్నగా +2 అని ఉంటుంది. అది గమనించక హోటల్‌ను ఒక రోజు ముందుకు బుక్ చేసుకునేవాళ్లు, అవతల ఇంకో విమానం టికెట్ ముందురోజుకు కొనుక్కునేవాళ్లు కొల్లలు.

డేట్ లైన్ దాటే ప్రయాణాల్లో చేరిన సమయం బయల్దేరిన సమయానికి ముందే ఉండొచ్చు. జనవరిలో ఆక్లాండ్ యూటీసీకి 13 గంటలు ముందు, లాస్ ఏంజెలెస్ 8 వెనక. 10వ తేదీ రాత్రి 8 గంటలకు ఆక్లాండ్‌లో ఎక్కితే 12 గంటల ప్రయాణం తర్వాత అదే 10వ తేదీ ఉదయం 11 గంటలకు దిగుతారు.

వేసవి సమయం మార్పు అందరికీ ఒకే రోజు రాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, ఐరోపాలో మార్చి చివరి ఆదివారం. ఈ మధ్య రెండు మూడు వారాలు లండన్–న్యూయార్క్ తేడా ఐదు గంటలకు బదులు నాలుగే. దక్షిణార్ధగోళంలో దిశ తిరగబడుతుంది: సిడ్నీ–లండన్ తేడా ఏడాదిలో 9, 10, 11 గంటల మధ్య మారుతుంది. సింగపూర్ గడియారం మారదు, న్యూయార్క్‌ది మారుతుంది కాబట్టి ఆ తేడా 13 నుంచి 12కు వస్తుంది. వేసవి టైంటేబుల్‌లో చేరే సమయం ఒక గంట జరిగి కనిపిస్తే విమానం నెమ్మదించిందని కంగారు పడక్కర్లేదు.

మధ్యలో ఆగే ప్రయాణానికి దూరం ఒక్కటే చూస్తే మోసపోతాం. హీత్రో నుంచి సిడ్నీకి నేరుగా 17,016 కి.మీ. సింగపూర్ మీదుగా 10,880 చిల్లర, దానికి 6,300. కలిపితే 17,180 చుట్టూ. ఒక్క శాతమే ఎక్కువ. సమయం మాత్రం అంతకంటే చాలా ఎక్కువ పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి మజిలీకి అదనంగా ఒకసారి దిగడం, ఎక్కడం, రెండుసార్లు టాక్సీ. అదే ముప్పావు గంట. ఆపైన అక్కడ నేల మీద గడిపే సమయం. ఒకే టికెట్ మీద ఉంటే కనీస కనెక్షన్ సమయాన్ని విమానాశ్రయమే నిర్ణయిస్తుంది, తప్పిపోతే తర్వాతి దాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థది. రెండు వేర్వేరు టికెట్లయితే ఆ రక్షణ లేదు. ఇమిగ్రేషన్ దాటి, బ్యాగు తీసుకుని, మళ్లీ చెక్ ఇన్ చేయాల్సి రావచ్చు. అక్కడ నాలుగు గంటల లోపు పెట్టుకోవద్దు, ఆ మార్గంలో రోజుకు ఒకటే విమానం ఉంటే ఇంకా ఎక్కువ పెట్టుకోండి.

లెక్క వేశాక దాన్ని నిజంతో పోల్చి చూడండి. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి వాటిలో ఫ్లైట్ నంబరు కొట్టి గత వారం రోజుల చరిత్ర తీయండి. సగటు కాకుండా మధ్యలోని విలువ తీసుకోండి, ఒక్క రోజు తుపాను సగటును చెడగొడుతుంది. గాల్లోకి లేచిన సమయం, నేల తాకిన సమయం, గేటు సమయాలు వేర్వేరు గడుల్లో ఉంటాయి, వాటిని కలిపేయకండి. మీ ప్రయాణం జులైలో ఉంటే ఫిబ్రవరి వారం చూసి లాభం లేదు. ఉచిత ఖాతాలో పాత రోజులు కనిపించకపోతే టైంటేబుల్‌నే నమ్మండి: విమాన సంస్థలు మార్చి చివరి ఆదివారం నుంచి ఒకటి, అక్టోబరు చివరి ఆదివారం నుంచి ఇంకొకటి చొప్పున ఏడాదికి రెండు టైంటేబుళ్లు వేస్తాయి. ఆ సీజన్ గాలులు అందులో కలిసే ఉంటాయి.